డాక్ ప్రెస్కాట్‌కు 231 మిలియన్ల గ్యారంటీ: తగునా, తగదా?

నీలినక్షత్రం:
2025 సెప్టెంబరు 28 ఆదివారం రాత్రి గ్రీన్ బే జట్టుతో మన డాలస్ కౌబాయ్స్ ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ 40-40 డ్రా కావడం చూశాక నిద్ర పట్టలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2024 సెప్టెంబరు 8న, సీజన్ తొలి మ్యాచ్ మొదలయ్యే కొన్ని గంటల ముందు, మన జట్టు యజమాని జెర్రీ జోన్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) డాక్‌కు నాలుగేళ్లకు 240 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. గ్యారంటీ 231 మిలియన్లు. లీగ్‌లో అంతకుముందు ఎవరికీ ఏడాదికి 60 మిలియన్లు ముట్టలేదు. రెండు నెలలు తిరక్కుండానే తొడ వెనక కండరం చీలి, ఆ సీజన్ అక్కడితో సరి. ఎనిమిది మ్యాచ్‌లు, 11 టచ్‌డౌన్లు (స్కోరు తెచ్చిన పాస్‌లు), 8 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు). ప్లేఆఫ్‌లో (రెగ్యులర్ సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌ల్లో) ఇప్పటిదాకా రెండు గెలిచాడు, అయిదు ఓడాడు. ఆడినా మానినా డబ్బు వస్తుందని తెలిసినవాడికి కసి ఎందుకుంటుంది?

నాలుగోరౌండ్:
కసి లేనివాడేనా 2023లో 36 టచ్‌డౌన్ పాస్‌లు వేసింది? ఆ ఏడాది లీగ్‌లో అవే అత్యధికం. ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) ఓట్లలో లామార్ జాక్సన్ తర్వాత ఇతనే. 2016 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) నాలుగో రౌండులో 135వ వాడిగా వచ్చాడు, అప్పటి క్వార్టర్‌బ్యాక్ రోమో గాయపడితే పగ్గాలు పట్టాడు, తొలి సీజన్‌లోనే 13 మ్యాచ్‌లు గెలిపించాడు. అప్పుడు సంతకం చేసిన నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపినా మూడు మిలియన్లు లేదు. ఆ నాలుగేళ్లు అంత చవకగా ఆడించుకున్నప్పుడు ఎవరికీ లెక్కలు గుర్తురాలేదు.

సండే సాంబారు:
40 కొట్టినవాడిని తిడుతున్నారు. 40 సమర్పించుకున్న డిఫెన్స్ హాయిగా నిద్రపోతోంది.

నీలినక్షత్రం:
2-5. ముందు దీనికి జవాబు చెప్పండి. 2024 జనవరి ప్లేఆఫ్‌లో ఇదే గ్రీన్ బే మీద, ఇదే మన సొంత మైదానం ఆర్లింగ్టన్‌లో, నేను స్టేడియంలోనే ఉన్నాను. డాక్ విసిరిన బంతిని వాళ్ల డిఫెండర్ అందుకుని 64 గజాలు పరుగెత్తాడు. 27-0తో వెనకబడ్డాం. ఇంకా రెండో క్వార్టర్ కూడా పూర్తికాలేదు, మా వరుసలో ఒకాయన పిల్లవాడికి కోటు తొడిగి మెట్లెక్కడం మొదలుపెట్టారు. అది రెగ్యులర్ సీజన్‌లో 36 టచ్‌డౌన్లు కొట్టిన మనిషి ఆటే.

నాలుగోరౌండ్:
ఆ మ్యాచ్ 48-32. 32 వేసిన జట్టు ఓడిందంటే తప్పు ఎవరిదో సాంబారు గారు పైన చెప్పారు. ఈ జట్టు చివరిసారి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది 1996 జనవరిలో. అప్పటికి డాక్ వయసు రెండేళ్లు. ఆ పాపం కూడా అతని ఖాతాలోనే వేస్తారా?

హ్యూస్టన్ వాసి:
గ్యారంటీల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 2022లో క్లీవ్‌లాండ్ మా క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ను తీసుకుని 230 మిలియన్లూ పూర్తి గ్యారంటీగా ఇచ్చింది. మొదటి మూడు సీజన్లు కలిపి 19 మ్యాచ్‌లు ఆడాడు. బదులుగా మాకు డ్రాఫ్టులో మూడు తొలి రౌండు పిక్‌లు (ఆటగాణ్ణి ఎంచుకునే వంతులు) వచ్చాయి. మాకే ఫిర్యాదూ లేదు.

నీలినక్షత్రం:
చూశారా! పైగా డాక్ కాస్త తగ్గి ఉంటే మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్ మన దగ్గరే ఉండేవాడు. 2025 ఆగస్టులో అతన్ని గ్రీన్ బేకి పంపేశారు, వాళ్లు 188 మిలియన్లు ఇచ్చారు. అంత పెద్ద క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ జట్టు కోసం తక్కువ తీసుకోలేదా?

నాలుగోరౌండ్:
2025లో శాలరీ క్యాప్ (ఒక జట్టు ఏడాదికి జీతాల మీద పెట్టగల పరిమితి) 279 మిలియన్ల పైచిలుకు. డాక్ 80 మిలియన్ల సైనింగ్ బోనస్‌ను అయిదేళ్లకు పరిచి లెక్క రాస్తారు, ఏడాదికి 16 మిలియన్లు పడుతుంది. చోటు లేక పార్సన్స్ పోలేదు. అతని ఏజెంటుతో కూర్చోకుండా జెర్రీ నేరుగా ఆటగాడితో బేరం తేల్చుకోబోతే తెగింది. ఫిలడెల్ఫియా తన క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్‌కు 255 మిలియన్ల ఒప్పందం ఇచ్చి, డిఫెన్స్‌నూ కట్టుకుని, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలవలేదా? యజమాని చేతగానితనానికి ఆటగాడు జీతం కోసుకోవాలా?

నీలినక్షత్రం:
చేతగానితనం అనడం తేలిక. నాకు ఇర్వింగ్‌లో చిన్న హోటలు ఉంది. ఒక వంటమనిషి బిర్యానీ బాగా చేస్తాడని ఏడాది జీతం ఖాయం చేసి, సగం అడ్వాన్సుగా ఇచ్చాను. పండుగ దాటేసరికి నడుము నొప్పి అన్నాడు. దమ్ పెట్టాల్సిన శనివారం ఉదయం హండీ పక్కన నేనే నిలబడ్డాను. నష్టం ఎవరు భరించారు? గ్యారంటీ ఇచ్చినవాడే ఎప్పుడూ భరిస్తాడు.

నాలుగోరౌండ్:
ఇదన్నమాట అసలు సంగతి. రెండేళ్ల క్రితం, మా టీము నెలల తరబడి రాత్రింబవళ్లు కూర్చుని పూర్తిచేసిన ప్రాజెక్టు విడుదలైన వారమే, పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పనిచేయలేదు. హెచ్1బీ మీద ఉన్నవాడికి 60 రోజుల గడువు. పిల్లల బడి, ఇంటి అద్దె, కారు వాయిదాలు, అన్నీ ఆ 60 రోజుల్లో. మాకెవరు ఇచ్చారండి గ్యారంటీ? మీరు యజమాని కుర్చీలోంచి చూస్తున్నారు కాబట్టి డాక్ మీకు సోమరిలా కనిపిస్తున్నాడు.

నీలినక్షత్రం:
మీ పాత మేనేజరు మీద కోపం నా మీద చూపకండి. 60 మిలియన్లవాడికీ మీకూ పోలికా?

నాలుగోరౌండ్:
పోలిక డబ్బులో లేదు, ఎవరు ఎవరిని వదిలించుకోగలరన్న దాంట్లో ఉంది. బేస్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో ఒప్పందం అంటే దాదాపు పూర్తి గ్యారంటీ. ఫుట్‌బాల్‌లో చాలామందికి అది కాగితం మాత్రమే. వద్దనుకున్న రోజు పంపేస్తారు. 2020లో దీర్ఘకాల ఒప్పందం కుదరక, క్లబ్బు డాక్‌కు ఫ్రాంచైజీ ట్యాగ్ (ఆటగాణ్ణి వేరే జట్టుకు పోనివ్వకుండా ఆపే పద్ధతి) వేసి ఒక్క ఏడాదికి సరిపెట్టింది. అక్టోబరులో కుడి చీలమండ విరిగి పక్కకు తిరిగిపోయింది, బండి మీద ఏడుస్తూ మైదానం దాటాడు. ఆ సాయంత్రం అతని చేతిలో మరుసటి ఏడాదికి ఏమీ లేదు. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి గ్యారంటీ లేకుండా సంతకం పెట్టనన్నాడు. నేనైనా అంతే అంటాను.

ప్లేనో పాతకాపు:
అలా అయితే ప్రతి మ్యాచ్‌లో అతని ముందు నిలబడి దెబ్బలు తినే లైన్‌మెన్‌కు ముందు ఇవ్వాలి కదా గ్యారంటీ?

నాలుగోరౌండ్:
ఇవ్వాలి. అందరికీ ఇవ్వాలి.

నీలినక్షత్రం:
అందరికీ ఇస్తే ఏ జట్టు నడుస్తుందో మీరే నడిపి చూపించండి. లైన్‌మెన్ సంగతి నేను ఎత్తలేదు. ప్లేఆఫ్‌లో డాక్ మూడో మ్యాచ్ గెలిచిన రోజు నాకు కబురు పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.