క్యాబిన్ ఇంకా పూర్తి కాలేదు, సాయం చేసిన ఫ్రెండ్స్‌ని ఇప్పుడే పిలవాలా, మొత్తం అయ్యాకా?

చెక్కపని_కొత్త:
అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి శని ఆదివారాలు మాత్రమే పనిచేసుకుంటూ 4 మీటర్లు బై 6 మీటర్ల చిన్న చెక్క క్యాబిన్ కడుతున్నా, కాంట్రాక్టర్ ఎవరూ లేరు, నేనూ నా ఫ్రెండ్సే. ఇప్పటికి పైకప్పు అయిపోయింది, తలుపూ కిటికీలూ పెట్టేశాం, ఎంత వాన పడ్డా లోపలికి చుక్క రావట్లేదు. ఒక గోడకి లోపలివైపు పలకలు కొట్టాలి, అటకకి రెయిలింగ్ పెట్టాలి, నేలకి అవిసె నూనె పట్టించాలి, ఇంకా చిల్లర పనులు కొన్ని.

సాయం చేసినవాళ్లందరినీ పిలిచి ఒక పూట సంతోషంగా గడపాలని ఉంది. కానీ సగం పనులు ఉండగా పిలిస్తే బాగుంటుందా, లేక మొత్తం అయ్యాక పిలవాలా అని తేల్చుకోలేకపోతున్నా. ఇంకో సంగతి, ఒకతను దాదాపు ప్రతి వారం వచ్చాడు, ఇంకొకతను ఒక్కరోజే వచ్చాడు, కానీ ఆ రోజు కప్పు మధ్యలో వచ్చే పెద్ద దూలం ఎత్తిన రోజు. ఆరుగురం తాళ్లు కట్టి కొంచెం కొంచెంగా పైకి లాగుతుంటే మధ్యలో వాన మొదలైంది, తాడు తడిసి చేతుల్లోంచి జారుతోంది, అయినా ఒక్కరూ వదల్లేదు. చివరికి దూలం గాడిలో టక్కున కూర్చున్న చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వీళ్లిద్దరిలో ఎవరికి ఎక్కువ థాంక్స్ చెప్పాలో నాకు నిజంగా తెలియట్లేదు.

రంపం_సుత్తి:
ఇప్పుడే పిలవండి, ఆలోచించొద్దు. నేను వెయిట్ చేశాను. రంగు అయ్యాక అనుకున్నా, రంగు అయ్యాక మెట్లు బాగుచేశాక అనుకున్నా, అలా ఏడాది పైనే గడిచిపోయింది, ఈలోపు నాతో పాటు పునాది గుంటలు తవ్విన ఫ్రెండ్ ఉద్యోగం మారి చాలా దూరం వెళ్లిపోయాడు. చివరికి అందరం కలిసినరోజు అతను లేడు, వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించా. చూసి సంతోషపడ్డాడు కానీ పక్కన నిలబడి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడటం వేరు కదండీ, ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. చివరి పది శాతం పని ఎప్పుడూ మనం అనుకున్న టైముకి అవ్వదు.

పునాది_ముఖ్యం:
పిలవండి, కానీ పిలిచే ముందు కొన్ని చూసుకోండి. అటకకి రెయిలింగ్ లేదన్నారు కాబట్టి ఆ రోజు అటక నిచ్చెన తీసి బయట పెట్టేయండి. జాగ్రత్తగా ఉండండి అని చెప్తే సరిపోదు, పిల్లలు వస్తే క్షణంలో ఎక్కేస్తారు.

డెక్ ఉంటే, అంటే క్యాబిన్ బయట గోడకి కలిపి ఎత్తుగా కట్టే చెక్క అరుగు, దాని సంగతి ఇంకా ముఖ్యం. ఇళ్లలో నేలకి మామూలుగా చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు లెక్కేసి కడతారు. అందరూ విడివిడిగా తిరుగుతుంటే ఏమీ కాదు, కానీ గ్రూప్ ఫోటో అనగానే 15 మంది 3 చదరపు మీటర్లలో ఒకరినొకరు ఆనుకుని నిలబడతారు, మనిషికి 65 కిలోలు అనుకున్నా 975 కిలోలు, అంటే చదరపు మీటరుకి 325. డెక్‌లు కూలేటప్పుడు చాలాసార్లు మధ్యలో విరగవు, గోడకి కలిపిన దగ్గర ఊడొస్తాయి. అక్కడ మేకులు మాత్రమే కొట్టి ఉంటే ఆ రోజుకి ముందే బోల్టులు వేయించండి, ఫోటో మాత్రం కింద నేల మీదే తీసుకోండి.

ఇంకోటి, అవిసె నూనె. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. బయట ఒక్కో గుడ్డ విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. అసలు నేల పని కలిసే రోజు తర్వాతే పెట్టుకోండి, నూనె గట్టిపడటానికి రోజులు పడుతుంది, అంతమంది తిరిగితే అచ్చులు పడతాయి.

పెన్సిల్_గీత:
ఎవరికి ఎక్కువ ఎవరికి తక్కువ అన్న లెక్క పెట్టుకోకండి అన్నా. ఒక్కొక్కరినీ వాళ్లు చేసిన పని దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టండి, ఇదిగో ఈ కిటికీ నువ్వు పెట్టిందే, మొన్న గాలివానకి ఒక్క చుక్క రాలేదు అని చెప్పండి. ప్రతి వారం వచ్చినతనికి చూపించడానికి ఇల్లంతా ఉంది, ఒక్కరోజు వచ్చినతనికి తలెత్తితే దూలం కనిపిస్తుంది. ఇద్దరికీ నిండుగానే ఉంటుంది.

పలకలు కొట్టని గోడ ఒకటి ఉందన్నారు కదా, అది అదృష్టం అనుకోండి. లోపలి నిలువు చెక్కల మీద అందరితో పేర్లు, తారీఖు రాయించండి, తర్వాత పలకలు మూసేయండి. మార్కర్ వద్దు, దాని ఇంకు చెక్క నార వెంట పాకి అక్షరాలు అలుక్కుపోతాయి. వడ్రంగి పెన్సిల్‌తో గట్టిగా ఒత్తి రాస్తే అలాగే ఉంటుంది. మేము రాసుకున్నాం, ఆ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా లోపల ఎవరెవరు ఉన్నారో నాకు తెలుసు.

రంపం_సుత్తి:
పేర్ల సంగతి చాలా బాగుంది. ఒకటే చెప్తా, ఆ రోజు మాత్రం ఎవరి చేతికీ సుత్తి ఇవ్వకండి. ఈ రెండు పలకలు కూడా కొట్టేద్దాం అని ఎవరో ఒకరు మొదలుపెడతారు, ఆపండి. రెండేళ్లు పని చేశారు, ఆ ఒక్క పూట కూర్చోనివ్వండి.

చెక్కపని_కొత్త:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న డెక్ కిందకి దూరి చూశాను, గోడ దగ్గర నిజంగానే మేకులే ఉన్నాయి, అప్పట్లో బోల్టులు తర్వాత వేద్దాం అనుకుని మర్చిపోయాం. ఈ శనివారం ఆ పనే. ఆ తర్వాత వచ్చే ఆదివారానికి అందరికీ ఫోన్ చేసేశాను, దూలం ఎత్తిన అతను అయితే ఫోన్‌లో అడిగిన మొదటి మాట, ఆ దూలం ఎలా ఉంది అని. ఆ గోడ పలకలు ముట్టుకోను, అవి పక్కనే పేర్చి పెట్టాను, పెన్సిల్ చెక్కి కిటికీ మీద పెట్టాను.