నల్లా విప్పిన మొదటి పావుగంట మురుగు వాసన: కాలనీ కమిటీ ఎక్కడ మొదలుపెట్టాలి?

గల్లీ_కార్యదర్శి:

హైదరాబాద్‌లో 118 ఇళ్ల పాత కాలనీ మాది. రోజు విడిచి రోజు నీళ్లు, పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా. మూడో గల్లీలో 22 ఇళ్లుంటే అందులో 9 ఇళ్లకు నల్లా విప్పగానే పది, పదిహేను నిమిషాలు మసకనీళ్లు వస్తున్నాయి, మురుగు వాసన కూడా. తర్వాత తేటపడుతున్నాయి. వాన పడితే అదే గల్లీలో మూడు మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. మంచినీళ్ల పైపు, డ్రైనేజీ పైపు రోడ్డుకు ఒకే పక్కన ఉన్నాయి. ఇళ్ల కనెక్షన్లు చాలావరకు పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు.

ఆదివారం కమిటీ సమావేశం. మూడు మాటలు వినిపిస్తున్నాయి. గల్లీ పైపు మొత్తం మార్చమని అర్జీ పెట్టాలని కొందరు, అప్పటిదాకా ట్యాంకర్లు తెప్పించుకుందామని కొందరు, ఇంటికి వెయ్యి వేసుకుని మనుషుల్ని దింపి మ్యాన్‌హోళ్లు తీయించుకుందామని ఇంకొందరు. ఏది ముందు చేయాలి? పని తెలిసినవాళ్లు చెప్పండి.

వాల్వ్_కీ:

కార్యదర్శి గారూ, అర్జీ పెట్టేముందు లీకు ఏ రెండు ఇళ్ల మధ్య ఉందో తేల్చుకోండి. "మా గల్లీలో నీళ్లు బాగా లేవు" అని రాస్తే వచ్చినవాళ్లకు ఎక్కడ తవ్వాలో తెలియదు. నాలుగు చోట్ల తవ్వి, ఏమీ దొరక్క పూడ్చి వెళ్తారు.

నీళ్లు ఆగిన 46 గంటలూ పైపులో ఒత్తిడి ఉండదు. పల్లంలో ఎవరో నల్లా విప్పితే పైపులో మిగిలిన నీళ్లు అటు జారిపోయి, వెనక ఖాళీ ఏర్పడి, చిల్లు ఉన్నచోట బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది. పైపు పక్కనే మ్యాన్‌హోల్ కారుతుంటే ఆ తడే మురుగు. నీళ్లు వదలగానే ముందు వచ్చేది అదే.

ఇక మీరు చెప్పిన "పది, పదిహేను నిమిషాలు" చాలా పనికొచ్చే మాట. లెక్క చూడండి. ఇంటి కనెక్షన్‌కు వేసే 15 మి.మీ. పైపు పది మీటర్లలో పట్టేది రెండు లీటర్లకు లోపే. చిల్లు ఒక ఇంటి పైపులో ఉండి, మురుగు అక్కడికే ఆగి ఉంటే సగం బకెట్ నిండేలోపు తేటపడాలి. గల్లీ పైపు 100 మి.మీ. అయితే మీటరుకు దాదాపు 8 లీటర్లు పడుతుంది. తొమ్మిది ఇళ్లలో నల్లాకు నిమిషానికి 8 లీటర్ల చొప్పున పది నిమిషాలు చెడ్డనీళ్లు వచ్చాయంటే 720 లీటర్లు, అంటే ఇంచుమించు 90 మీటర్ల గల్లీ పైపు. కాబట్టి మురుగు గల్లీ పైపులోకే చేరింది. అంతమాత్రాన చిల్లు గల్లీ పైపుకే ఉందనుకోవద్దు. ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత కనెక్షన్ మట్టిలో తెరుచుకుని ఉన్నా ఇలాగే అవుతుంది. పాత కాలనీల్లో ముందు అనుమానించాల్సింది దాన్నే. ఇల్లు పడగొట్టి కట్టినప్పుడు కొత్త కనెక్షన్ తీసుకుంటారు, పాతదాన్ని ఇంటి దగ్గర కోసి చెక్క బిరడా కొట్టి మట్టి కప్పేస్తారు. గల్లీ పైపుకు ఇంటి కనెక్షన్ కలిసే ఫెర్రూల్ దగ్గర మూయరు.

వచ్చే నీళ్ల రోజు ఇలా చేయండి. గల్లీకి నీళ్లు వదిలే వాల్వ్ ఉన్న చివర నుంచి 22 ఇళ్లకూ వరుస నంబర్లు వేయండి. ఇంటికి నాలుగు తెల్ల సీసాలు ఇవ్వండి. సంపులోకి వెళ్లే ముందే, రోడ్డు పక్క మొదటి నల్లా దగ్గర నీళ్లు పట్టాలి. నీళ్లు వచ్చిన వెంటనే ఒకటి, 5వ నిమిషంలో ఒకటి, 15వ నిమిషంలో ఒకటి, ఏడు గంటలకు ఒకటి. సీసా మీద ఇంటి నంబర్, టైము రాయాలి. ఆ రోజు ఎవరూ మోటారు వేయకూడదు. ఇది తప్పితే పరీక్ష మొత్తం వృథా.

సీసాలన్నీ ఒక బల్ల మీద వరుసలో పెడితే చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. 1 నుంచి 8 దాకా తేట, 9 నుంచి మసక అనుకోండి. అప్పుడు 8, 9, 10 ఇళ్ల ముందు వెతకాలి. ఒక జాగ్రత్త. గల్లీ వాల్వ్ వైపుకు వాలి ఉంటే, నీళ్లు ఆగినప్పుడు మురుగు వెనక్కి జారి చిల్లుకు ఎగువ ఇళ్లలోనూ కనిపిస్తుంది. అలాంటప్పుడు మొదటి సీసాను నమ్మకుండా 5వ నిమిషం సీసాల వరుస చూడాలి. ఏడు గంటల సీసా మళ్లీ మసకబారితే, నీళ్లు వస్తుండగానే ఎవరో మోటారుతో లాగుతున్నట్టు. పైపుకు నేరుగా బిగించిన మోటారు దగ్గర్లోని పైపులో ఒత్తిడిని పడగొడుతుంది. నీళ్లు పారుతుండగానే చిల్లు లోపలికి పీలుస్తుంది.

వాల్వ్ గుంటల మూతలు కూడా తీసి చూడండి. గుంటలో మురుగు నిలిచి, వాల్వ్ గ్లాండ్ (కాడ చుట్టూ నీళ్లు కారకుండా బిగించే భాగం) కారుతుంటే మురుగు లోపలికి వెళ్లే దారి అదే. గుంట తోడి, గ్లాండ్ ప్యాకింగ్ మార్చి బిగిస్తే సరిపోయే సందర్భాలూ ఉన్నాయి. రోడ్డు తవ్వే పని కూడా ఉండదు.

నీటి_పరీక్ష:

ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే ఆ గల్లీవాళ్లందరికీ చెప్పండి: తాగే నీళ్లు సలసల మరగనివ్వాలి, బుడగలు వచ్చాక కనీసం ఒక నిమిషం. 2009 మేలో భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీరు కలుషితమై మనుషుల ప్రాణాలు పోయాయి. తేటపడ్డాక వచ్చిన నీళ్లు మంచివేనని అనుకోవడం పెద్ద పొరపాటు. వాసన పోయినా క్రిములు ఉండొచ్చు.

కంటికి కనిపించనిది క్లోరిన్ పరీక్ష చెబుతుంది. క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపించే చిన్న క్లోరోస్కోప్ కిట్ కొనండి. గుర్తు దాకా నీళ్లు పోసి, చుక్కలు వేసి, వెంటనే వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగులతో పోల్చాలి. ఆలస్యంగా, నిమిషాలు గడిచాక ముదిరే పసుపును లెక్కలోకి తీసుకోవద్దు. అది మురుగులోని అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్, క్రిములను చంపడంలో బాగా బలహీనం. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలని తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. వాల్వ్ దగ్గరి ఇంట్లో 0.5 ఉండి, పదో ఇంటికి సున్నా అయిందంటే ఆ మధ్యలో ఏదో క్లోరిన్‌ను తినేస్తోంది. వాల్వ్_కీ గారి సీసాల వరుసకు ఇది రెండో సాక్ష్యం. రెండూ ఒకే చోటు చూపిస్తే అక్కడే తవ్వమని గట్టిగా అడగొచ్చు.

మలం కలిసిందో లేదో చూసే, నల్లబడే సీసా కిట్ కూడా చవకే. గుర్తు దాకా నీళ్లు పోసి గది వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి, నల్లబడితే మలకలుషితమనే అనుకోవాలి. నల్లబడకపోయినంత మాత్రాన మంచినీళ్లని రాసివ్వలేం. అధికారికంగా కాగితం కావాలంటే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ల పరీక్ష చేస్తారు. ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సీసాలోనే పట్టండి, దాన్ని కడగొద్దు. క్లోరిన్‌ను ఆపే పొడి అందులో ముందే వేసి ఉంటుంది. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చండి.

ఇక సంపులు. ఈపాటికి ఆ తొమ్మిది సంపుల్లోకీ మురుగు చేరింది. పైపు బాగయ్యాక కూడా సంపు కడగకపోతే జబ్బు ఇంట్లోనే ఉంటుంది. నీళ్లు పూర్తిగా తోడి, అడుగు మడ్డి తీసి, గోడలు రుద్ది, మళ్లీ నింపి ప్రతి 1,000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే లీటరుకు 50 మి.గ్రా. అవుతుంది. ఒక రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి కడగాలి. ఆ నీళ్లు వాడకూడదు. పొడిని బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి. మూత తెరిచి పెట్టి, తలుపులు తెరిచి కలపండి. సంపులోకి దిగేవాళ్లుంటే ముందు మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఇద్దరు నిలబడాలి. ఆ తర్వాత రోజువారీ వాడకానికి తేటనీళ్లయితే 1,000 లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు, గంట ఆగి వాడుకోవాలి. తెరిచి ఉంచిన పాత సంచి పొడిలో బలం ఉండదు, కిట్‌తో చూసుకోండి.

మసకనీళ్లలో బ్లీచింగ్ ఎక్కువ పోస్తే సరిపోతుందనుకుంటారు. మురుగు క్లోరిన్‌ను తినేస్తుంది, వాసన మాత్రం మిగులుతుంది. యూవీ ఫిల్టర్‌దీ అదే కథ, మసకనీళ్లలో కిరణం లోపలిదాకా వెళ్లదు. దానికి బదులు సంపుకు ముందు పైపులో ఒక టీ (మూడు దారుల జాయింటు), రెండు బాల్ వాల్వులు పెట్టించండి. మొదటి పావుగంట నీళ్లు మొక్కలకో బయటికో వదిలి, తర్వాత సంపుకు తిప్పుకోవచ్చు. లీకు దొరికేదాకా ఇదొక కాపలా.

వాంతులు, విరేచనాలు రెండు ఇళ్లలో కనిపించినా బస్తీ దవాఖానాలో అదే రోజు చెప్పండి. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి.

మోరీ_మట్టం:

మూడో ప్రతిపాదన, మనుషుల్ని దింపే మాట, సమావేశం ఎజెండాలోంచే తీసేయండి. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడం నేరం, దింపించినవాళ్లకు శిక్ష పడుతుంది. మురుగు మరణాలకు పరిహారం 30 లక్షలకు తగ్గకూడదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డబ్బు సంగతి తర్వాత. కుళ్లిన గుంటలోని హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, మనిషి రెండు శ్వాసలకే పడిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పడిపోతాడు. ఏ కాలనీ చందాతోనూ ఆ పని జరగకూడదు.

ఇప్పుడు పొంగడం సంగతి. వాన లేని రోజు మూడు మ్యాన్‌హోళ్ల మూతలూ తీయించి పైనుంచే చూడండి. చుట్టూ అడ్డం పెట్టండి, అగ్గిపుల్ల గీయొద్దు. పైది నిండి, కిందిది మామూలుగా పారుతుంటే ఆ రెంటి మధ్య అడ్డు. మూడూ నిండి ఉంటే అడ్డు మీ గల్లీలో లేదు, కింద పెద్ద లైనులో ఉంది. మీ గల్లీలో ఎంత తీయించినా మూడు రోజుల్లో మళ్లీ నిండుతుంది. ఫిర్యాదులో ఏ మ్యాన్‌హోల్ దాకా నిండిందో రాయండి.

ఒత్తిడితో నీళ్లు కొట్టి మడ్డి తీసే జెట్టింగ్ వాహనం వచ్చినప్పుడు కింది మ్యాన్‌హోల్ నుంచి గొట్టం పైకి పంపించాలి, మడ్డి కిందికి కొట్టుకొస్తే అక్కడే తోడాలి. పైనుంచి కొడితే మడ్డి ముందుకు జరిగి ఇంకొకరి ఇంటి ముందు ఆగుతుంది. తీసిన మడ్డిని మూత పక్కన కుప్ప పోస్తే వానకు అదే లోపలికి పోతుంది, అదే రోజు ఎత్తించాలి.

మీది వాన పడితేనే పొంగుతోంది కాబట్టి నా అనుమానం మేడల మీది వాననీళ్ల గొట్టాల మీద. 150 చదరపు మీటర్ల మేడలు 22, గంటకు 50 మి.మీ. వాన అనుకుంటే సెకనుకు దాదాపు 46 లీటర్లు. 200 మి.మీ. డ్రైనేజీ పైపు 145కి 1 వాలుతో నిండా పారినా మోసేది సుమారు 24. సగం ఇళ్లు గొట్టం డ్రైనేజీలో కలిపినా చాలు, ఇళ్లలోంచి వచ్చే మురుగుకు చోటుండదు. ప్రతి ఇంటి వెనక గొట్టం ఎక్కడ దిగుతుందో చూసి జాబితా రాయండి. వాటిని ఇంకుడు గుంతకో వాననీటి కాలువకో మళ్లించాలి.

గల్లీ_కార్యదర్శి:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక చిక్కుంది. గల్లీ చివరి ఆరు ఇళ్లు మోటార్లు పెట్టుకున్నాయి. అవి లేకపోతే నీళ్లే రావంటున్నారు. తీర్మానంలో వాళ్ల గురించి ఏం రాయాలి?

వాల్వ్_కీ:

వాళ్ల ఇబ్బంది నిజమే అయి ఉంటుంది. నిందిస్తూ రాయకండి. పైపు మట్టానికి పైన ఉన్న డ్రమ్ముకో, మేడమీది ట్యాంకుకో నేరుగా లాగాలంటే మోటారు కావాల్సిందే. సంపు నోరు గల్లీ పైపు కంటే కిందుంటే తక్కువ ఒత్తిడికీ నీళ్లు వాటంతటవే దిగుతాయి. సంపు నుంచి మేడకు మోటారు పెట్టుకుంటే తప్పు లేదు. ఆరు ఇళ్లకు ఉమ్మడి చిన్న సంపైనా సరే, కమిటీ డబ్బు ఖర్చు పెట్టదగ్గది ఇదే. నల్లాకు బిగించిన మోటారు దొరికితే జప్తు, జరిమానా ఉంటాయని కూడా చెప్పండి. 2025 ఏప్రిల్ నుంచి జలమండలి (నగర నీళ్లు, మురుగు చూసే బోర్డు) దీనిమీద ప్రత్యేక తనిఖీలు చేపట్టింది.

తీర్మానం ఇలా ఉంటే చాలు: సీసాల పరీక్ష రోజు మోటార్లు ఆపడం, వాడని పాత కనెక్షన్ల జాబితా, వాటిని ఫెర్రూల్ దగ్గరే మూయించడం, మ్యాన్‌హోల్ లోపలినుంచో మోరీ అడుగునుంచో వెళ్తున్న ఇంటి పైపులను దారి మళ్లించి ఎండీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయించడం. మంచినీళ్ల పైపు డ్రైనేజీని దాటే చోట పైన ఉండాలి, కనీసం అర మీటరు ఎడం. జీఐ పైపు మార్చేటప్పుడు రోడ్డు దాటే ముక్క వదిలేసి గేటు లోపలిది మాత్రమే మారుస్తారు చాలామంది. కుళ్లేది రోడ్డు కింది ముక్కే.

ఫిర్యాదు జలమండలి ఫోన్ నంబరు 155313కు తొమ్మిది ఇళ్లవాళ్లూ ఒకే రోజు, ఎవరి క్యాన్ నంబరుతో (నల్లా ఖాతా నంబరు) వాళ్లు చేయండి. తొమ్మిది ఫిర్యాదు నంబర్లూ, సీసాల వరుస ఫొటో, క్లోరిన్ అంకెలు, చేత్తో గీసిన గల్లీ పటం ఒకే కాగితం మీద పెట్టి జలమండలి సెక్షన్ మేనేజరుకు ఇవ్వండి. తవ్వే రోజు కమిటీ నుంచి ఒకరు అక్కడే ఉండాలి. గుంట పూడ్చేలోపు దొరికిన చిల్లు ఫొటో తీసి, పక్కింటి గోడ నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. పూడ్చాక వరుసగా మూడు నీళ్ల రోజులు అదే 22 ఇళ్లలో సీసాలు, క్లోరిన్ మళ్లీ చూడండి. మూడుసార్లూ చివరి ఇంట్లో 0.2 దాటితేనే మరగబెట్టడం ఆపమని చెప్పండి.