తిట్టకపోతే నర్సింగ్ రాదా?

అలిపిరి నాన్న:
మా పాప ఇక్కడే తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. వార్డు పోస్టింగ్ ఉన్న రోజు టిఫిన్ ముట్టదు. నేర్పేవాళ్లు పేషెంట్ల ముందే "అవి చేతులా, చీపురు పుల్లలా" అని అరుస్తారట. నేనొచ్చి మాట్లాడతానంటే "వద్దు నాన్నా, ఇంకా ఎక్కువ చేస్తారు" అంటోంది. భయపెట్టకుండా ఈ పని నేర్పలేరా?

చిత్తూరు సిస్టర్:
ముప్పై ఏళ్లు వార్డుల్లో చేసి రిటైరయ్యాను. మేం ఇంతకు రెట్టింపు తిట్లు తిన్నాం. ఊపిరాడని పేషెంట్ పక్కన నిలబడి "ఆ ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) కాస్త అందుకోమ్మా" అని బతిమాలే టైం ఉండదు సార్. తిట్లు పడిన తప్పు నేను రెండోసారి చేయలేదు. కొంత టెన్షన్ ఉంటేనే చదువు తలకెక్కుతుందని మా సైకాలజీ క్లాసులో కొండ ఆకారంలో గ్రాఫ్ కూడా వేసి చూపించారు.

సైకాలజీ పీజీ:
మేడమ్, ఆ గ్రాఫ్‌కు మూలం 1908లో యెర్క్స్, డాడ్సన్ చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం. తెల్ల పెట్టెలోకి వెళ్తే సరే, నల్ల దాంట్లోకి వెళ్తే షాక్. రెండింటికీ తేడా బాగా కనిపిస్తున్నప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టడం కష్టమైనప్పుడు మాత్రం పెద్ద షాక్ పని చెడగొట్టింది. పక్క మీద దుప్పటి మార్చడం నేర్పాలంటే మీ తిట్లు చెల్లుతాయేమో. డ్రిప్ లెక్క కట్టే పిల్లకు చెల్లవు.

ఇంకోటి. లాజరస్, ఫోక్‌మన్ 1984లో చెప్పినదాని ప్రకారం, మనిషి ముందు "ఇది నాకు ముప్పా?" అని చూసుకుంటాడు, "దీన్ని తట్టుకునే దారి నాకుందా?" అనీ చూసుకుంటాడు. అవే తిట్లు మీకు పంతం పెంచాయి, ఈ అమ్మాయికి అన్నం సహించనివ్వడం లేదు.

నైట్ డ్యూటీ:
గ్రాఫులు నాకు తెలియవు, జరిగింది చెప్తాను. ట్రైనింగ్‌లో ఉండగా ఒక ఆసుపత్రిలో ఒక పెద్దాయనకు ఇన్సులిన్ పది యూనిట్లు వేయమన్నారు. వయల్, అంటే మందు సీసా, మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర క్యాప్ సిరంజి వాడాలి. కంగారులో నారింజ క్యాప్‌ది, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందుకు వాడేది, తీసుకుని పది గీత దాకా లాగేశాను. లోపలికి వెళ్లింది నాలుగు యూనిట్లే. ట్రేలో పడేస్తుంటే క్యాప్ రంగు కనపడింది. అంతకు గంట ముందే పత్తి ఎక్కువ వాడానని అందరిలో కడిగేశారు. నోరు పెగల్లేదు.

పొద్దున షుగర్ 300 దాటింది. డోసు చాల్లేదనుకుని డాక్టర్ గారు 14కి పెంచారు. ఈసారి ఇంకొకరు సరైన సిరంజితో వేశారు. రాత్రికి ఆయన చొక్కా మొత్తం చెమటతో తడిసి, పిలిస్తే పలకలేదు. షుగర్ 52. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచారు.

చిత్తూరు సిస్టర్:
సిరంజి మారడం పొరపాటమ్మా, ఎవరికైనా జరుగుతుంది. దాచావు చూడు, అది నీ తప్పు. తిట్టినవాళ్ల మీద తోసేయకు.

నైట్ డ్యూటీ:
నా తప్పేనక్కా, కాదనను. కానీ పత్తికి అన్ని మాటలు పడినదాన్ని, ఇన్సులిన్ సంగతి ఏ ధైర్యంతో చెప్పేది? ఇప్పుడు నా దగ్గరికి పిల్లలు వస్తారు. మొదటి రోజే రెండు సిరంజిలూ చేతికిచ్చి, నేను చేసిన పని చెప్తాను. వాళ్ల తప్పులు వాళ్లే వచ్చి చెప్తున్నారు.

అలిపిరి నాన్న:
మా పాప సెలవు దొరికితే కొండకు నడిచి వెళ్తుంది. 3550 మెట్లెక్కి వచ్చాక రెండ్రోజులు మామూలుగా తింటుంది. ఇదైనా మంచిదేనా?

సైకాలజీ పీజీ:
మంచిదే అంకుల్, ఆపకండి. మన చేతిలో లేనిదాన్ని మోయాలంటే మనసు తేలికపరచుకోవడమే దారి. పేషెంట్ చనిపోయిన రోజు పెద్ద నర్సులు చేసేదీ అదే. కానీ వార్డులో అరుపులు ఎవరి చేతిలోనూ లేనివి కావు కదా. సోమవారం మళ్లీ అదే వార్డు. తరగతిలో పిల్లలంతా కలిసి కోఆర్డినేటర్ మేడమ్‌ను అడగమనండి: తప్పయితే పక్కకు పిలిచి చెప్పమని. ఒక్కతే వెళ్తే గురి పెడతారు.

చిత్తూరు సిస్టర్:
పక్కకు పిలవడమంటే సరే, ఎమర్జెన్సీలో తప్ప. అది నేనూ ఒప్పుకుంటాను. అమ్మా నైట్ డ్యూటీ, ఆ సిరంజి సంగతి డాక్టర్ గారికి ఎప్పుడు చెప్పావు?

నైట్ డ్యూటీ:
చెప్పలేదక్కా. ఆ డిశ్చార్జ్ షీట్‌లో షుగర్ పడిపోవడానికి కారణం "సరిగ్గా భోజనం చేయకపోవడం" అని ఉంది.