డ్యూటీలో లేని పనికి మార్కులు వేయాలా?

విజయనగరం_హెచ్ఆర్:
మా ఫ్యాక్టరీలో పనితీరుకి మార్కులు వేసే అప్రైజల్ ఫారం మారుస్తున్నాం. "తన డ్యూటీ కాకపోయినా ముందుకొచ్చి పని చేస్తాడా?" అని ఒక గడి పెట్టి, దానికి 20 మార్కులు ఇవ్వాలని మా మేనేజర్ గారి ఆలోచన. నేను సరేనన్నాను. ప్రొడక్షన్ వాళ్లు మాత్రం అస్సలు ఒప్పుకోవడం లేదు.

నేను సరేననడానికి కారణం మా బాయిలర్ ఆపరేటర్. షిఫ్ట్ అయ్యాక పది నిమిషాలు ఆగుతాడు. ఏ వాల్వు బిగుసుకుపోతోందో, ఫీడ్ పంపు చప్పుడు ఎలా మారిందో తర్వాత వచ్చేవాడికి చెప్పి గానీ బస్సెక్కడు. అలా చేయమని ఏ ఆర్డరూ లేదు. చదువుకున్నప్పుడు ఆర్గన్ అనే అమెరికా ప్రొఫెసర్ గురించి చెప్పేవారు. 1988లో ఆయన ఇలాంటి ప్రవర్తనని ఐదు రకాలుగా విడదీశాడు: తోటివాళ్లకి సాయపడటం, ఎవరూ చూడకపోయినా నిష్ఠగా చేయడం, చిన్న ఇబ్బందులకి గోల చేయకపోవడం, మన వల్ల పక్కవాళ్లు ఇరుకున పడకుండా ముందే చెప్పడం, సంస్థ మంచిచెడ్డలు పట్టించుకోవడం. ఒక్కొక్కటీ చిన్నదే. అందరూ చేస్తే సంస్థ పదికాలాలు నిలుస్తుందని నా నమ్మకం. మీరేమంటారు?

రాజాం_ఇంజినీరు:
ఒప్పుకోను. నా అనుభవం చెప్తాను. నేను ఇంతకుముందు చేసిన చోట షిఫ్టుకి ఇద్దరు ఫిట్టర్లు తగ్గారు. "కొన్నాళ్లు సర్దుకోండి బాబూ" అన్నారు. సర్దుకున్నాం. పదకొండు నెలలు. ఓవర్ టైమ్ రాయలేదు. ప్రొడక్షన్ తగ్గలేదు కాబట్టి పైవాళ్లకి ఖాళీలే కనపడలేదు. ఆ రెండు పోస్టులూ అక్కర్లేదని తీసేశారు. తర్వాతి ఎండాకాలం ఒకే నెలలో ముగ్గురం మానేశాం. ఏ మెషీన్ ఎక్కడ మొరాయిస్తుందో మా ముగ్గురికే తెలుసు. ఆ లైను కోలుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో అక్కడే ఉండిపోయిన మిత్రుడు చెప్తే బాధేసింది. మేం చేసింది సాయమని అప్పుడు అనుకున్నాం. నిజానికి గోడలో పగులుకి సున్నం వేశాం.

పరిశోధనలు కూడా ఇదే చూపిస్తున్నాయి. అందరికన్నా ముందుకొచ్చి చేసేవాళ్లకి పని భారం, టెన్షన్, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య నలిగిపోవడం ఎక్కువగా ఉంటున్నాయని బొలీనో, టర్న్‌లీ అనే పరిశోధకులు 2005లో రాశారు. పైవాళ్ల ఒత్తిడికి చేసేదాన్ని అసలు ఈ లెక్కలోనే వేయకూడదని, అది వేరే జబ్బని విగోడా-గాడోట్ అనే ఇజ్రాయెల్ పరిశోధకుడి వాదన. మీరు 20 మార్కులు పెట్టిన రోజునే అది ఒత్తిడి అవుతుంది హెచ్ఆర్ గారూ. ఓవర్ టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది. దాన్ని మార్కులతో ఎగ్గొట్టకండి.

పలాస_జీడి:
ఇంజినీరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మా దగ్గర ఇంకోలా జరిగింది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. మా చిన్న యూనిట్ పైకప్పు రేకులు లేచిపోయాయి, పిక్కల బస్తాలు తడిసిపోయాయి. కరెంటు లేదు. మూడో రోజు పొద్దున్న పప్పు ఒలిచే ఆడవాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. వాళ్లలో సగం మంది ఇళ్ల పైకప్పులు కూడా పోయాయి. "ఏటి బాబూ అలా నిలబడిపోనావు, బస్తాలు తియ్యి, ఎండబెడదాం" అంది అందరికన్నా పెద్దావిడ. వాళ్లది కిలోల లెక్క కూలి, ఎండబెట్టినందుకు పైసా రాదు. ఆ పిక్కలే మమ్మల్ని ఆ సీజన్ గట్టెక్కించాయి.

మా నాన్న ఆ రోజులకి కూలి లెక్కగట్టి ఇచ్చారు. ఇళ్ల రేకులకి వడ్డీ లేకుండా అడ్వాన్స్ కూడా ఇచ్చారు. ఆ పద్నాలుగు మందిలో పదకొండు మంది ఇప్పటికీ మా దగ్గరే ఉన్నారు. మా వీధిలోనే ఇంకో యూనిట్‌లో ఇలాగే వచ్చి చేస్తే ఏమీ ఇవ్వలేదు, మరుసటి సీజన్‌కి సగం మంది వేరే చోటికి పోయారు. కాబట్టి వాళ్లు చేశారా అన్నది ఒక్కటే చాలదు, తర్వాత యజమాని ఏం చేశాడో కూడా చూడాలి.

శ్రీకాకుళం_నర్సమ్మ:
ఒక మాట ఎవరూ అనలేదు. ఈ అదనపు పని ఎవరి మీద పడుతుంది? మా వార్డులో కొత్తమ్మాయికి పని నేర్పేది నేను, రిటైర్మెంట్ ఫంక్షన్‌కి చందాలు పోగుచేసేది నేను. మగ నర్సు ఒక్కసారి చేస్తే "ఎంత మంచివాడో" అంటారు. నేను ఒక్కసారి చేయకపోతే "ఈవిడకి పొగరు" అంటారు. ఇది నా ఒక్కదాని గోల కాదు. 2005లో హైల్మన్, చెన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది: సాయం చేస్తే మగవాళ్లకి మార్కులు పెరిగాయి, ఆడవాళ్లకి పెరగలేదు. చేయకపోతే ఆడవాళ్లకే తగ్గాయి. మీ గడిలో మార్కులు ఎవరికి పడతాయో ముందే తెలుస్తోంది.

నెల్లిమర్ల_పాతకాపు:
జూట్ మిల్లులో ముప్పయ్యొక్క ఏళ్లు చేశాను. బాబిన్ తిరిగే చప్పుడుని బట్టి బేరింగ్ పోతోందని చెప్పేవాళ్లం, కుర్రాళ్లకి అడక్కుండానే నేర్పేవాళ్లం. అయినా మిల్లు కష్టాల్లో పడింది. నార కోసం వేసే గోగు సాగు తగ్గిపోయింది, ప్లాస్టిక్ సంచి వచ్చింది. ధాన్యానికి, పంచదారకి గోనె సంచులు వాడాలని 1987లో కేంద్రం చట్టం చేసింది కాబట్టి కొంత ఊపిరి. కార్మికుడి మంచితనం ఒక్కటే అన్నిటినీ ఆపలేదు, ఇది ఒప్పుకోవాలి.

కానీ నా మనసులో ఉండిపోయింది ఇంకోటి. నూలు వడికే ఫ్రేములు అరిగిపోయాయి, మార్చండి అని మేం ఏళ్ల తరబడి చెప్పాం. అడిగినవాణ్ని యూనియన్ గొడవ చేస్తున్నాడన్నారు, మాట్లాడకుండా ఆలస్యంగా ఇంటికెళ్లినవాణ్ని మంచి పనివాడన్నారు. హెచ్ఆర్ బాబూ, మీరు చెప్పిన ఐదింట్లో చివరిది, సంస్థ మంచిచెడ్డలు పట్టించుకోవడం, అదే అసలైనది. తప్పుని ముందే చెప్పేవాణ్ని కాపాడుకోండి.

విజయనగరం_హెచ్ఆర్:
రాత్రంతా ఇవే చదివాను. పొద్దున్న మేనేజర్ గారికి మూడు విషయాలు రాసి ఇచ్చాను. ఆ గడి తీసేద్దాం. బాయిలర్ దగ్గర ఆ పది నిమిషాలు ఇక నుంచి డ్యూటీలోనే లెక్కేసి, జీతం ఇద్దాం. ఏ సెక్షన్‌లో ఎవరు ఎవరి పని మోస్తున్నారో నెలకోసారి రాయిద్దాం, మూడు నెలలు వరసగా ఒకే పేరు వస్తే అక్కడ మనిషి తక్కువ ఉన్నట్టే. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి ఖర్చు లెక్క అడిగారు, అది ఇవాళే వేస్తున్నాను. మూడోదాని మీద ఇంకా మాట్లాడాలి.

పలాస గారూ, ఆ అడ్వాన్స్ ఎన్ని వాయిదాల్లో పట్టుకున్నారో చెప్తారా? మా దగ్గర కాంట్రాక్టు వాళ్లకి అలాంటిది పెట్టొచ్చేమో చూస్తాను.

పలాస_జీడి:
పది నెలలు. మొదటి రెండు నెలలు ఏమీ పట్టలేదు.