2026 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్: కౌబాయ్స్ 12, 20 పిక్‌లలో ఎవర్ని తీసుకుంటారు? ఆఫీసు పందెంలో పరువు నిలిచే దారి చెప్పండి

కొత్తగా_ప్లేనో:

అందరికీ నమస్కారం. డ్రాఫ్ట్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకోవడం కదా, మా ఆఫీసులో ఏటా ఏప్రిల్‌లో ఎవరు ఎవర్ని తీసుకుంటారో ఊహించే మాక్ డ్రాఫ్ట్ పందెం పెడతారు. మొదటి రౌండ్ మొత్తం రాసివ్వాలి. మన డాలస్ కౌబాయ్స్ పిక్ (వాళ్ల వంతులో తీసుకునే కుర్రాడు) సరిగ్గా చెప్పినవాడికి డబుల్ పాయింట్లు. ఓడినవాళ్లంతా కలిసి గెలిచినవాడికి భోజనం పెట్టించాలి.

పోయినసారి టీవీలో ఒకాయన రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) మెక్‌మిలన్ అన్నాడు, ఇంకొకాయన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) జెంటీ అన్నాడు. తీరా వీళ్లు తీసుకున్నది అలబామా గార్డ్ టైలర్ బుకర్‌ని. మా ఫ్లోర్‌లో ఆ పేరు రాసింది ఒకే ఒక్క మెక్సికన్ సెక్యూరిటీ గార్డు తాత. ఎలా రాశావని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

నాకు ఐపీఎల్ వేలం అర్థమవుతుంది. ఎవరి పర్సులో ఎంత మిగిలిందో చూస్తే సగం లెక్క తేలిపోతుంది. ఇక్కడ పాట లేదు, పర్సూ లేదు. మరి దేన్ని పట్టుకుని అంచనా వెయ్యాలి? ఈసారి మొదటి రౌండ్‌లోనే 12, 20 రెండున్నాయి కాబట్టి డబుల్ పాయింట్లు కూడా రెండుసార్లు. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

కొవ్వూరు_పిన్ని:

బాబూ, ముందు ఆ యూట్యూబ్ హైలైట్లు కట్టెయ్. వాటిని చూస్తే ఏ కుర్రాడు బాగా ఆడతాడో తెలుస్తుందేమో గానీ, కౌబాయ్స్ ఎవర్ని తీసుకుంటారో తెలీదు. దానికి చూడాల్సింది జెర్రీ జోన్స్ ఇంటిని. యజమాని ఆయనే, జనరల్ మేనేజర్ ఆయనే. ఒక పక్కన కొడుకు స్టీఫెన్, ఇంకో పక్కన ఆటగాళ్ల వ్యవహారం చూసే విల్ మెక్‌లే. 1989 నుంచి కోచ్‌లు వస్తున్నారు, పోతున్నారు. ఆ ఇంటి అలవాట్లు మాత్రం అంత తొందరగా మారవు.

ఐపీఎల్‌ని మర్చిపో. ఇక్కడ కొత్త కుర్రాడి జీతం 2011 ఒప్పందం దగ్గర్నుంచి దాదాపుగా పిక్ నంబరుతోనే తేలిపోతుంది. అందుకని బేరమంతా వంతులతోనే జరుగుతుంది. దాని సంగతి కింద చెప్తాను.

మొదటి అలవాటు, లైన్. అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ఎదుటివాళ్లని ఆపే అయిదుగురు. గార్డ్ వాళ్లలో ఒకడు. 1981 తర్వాత 30 ఏళ్లపాటు ఈ టీమ్ మొదటి రౌండ్‌లో ఒక్క అఫెన్సివ్ లైన్‌మన్‌నీ తీసుకోలేదు. 2011లో టైరన్ స్మిత్‌ని తీసుకున్నారు, అంతే, రుచి మరిగారు. అప్పట్నుంచి 2025 దాకా మొదటి రౌండ్‌లో తీసుకున్నది 14 మందిని. అందులో ఆరుగురు లైన్‌వాళ్లే: టైరన్ స్మిత్, ఫ్రెడరిక్, జాక్ మార్టిన్, టైలర్ స్మిత్, గైటన్, బుకర్. 2014లో ఊరంతా క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జెల్ జపం చేస్తుంటే, జెర్రీకి కూడా ఆ కుర్రాడి మీద మనసు పడితే, పక్కనున్నవాళ్లు ఆపి మార్టిన్ పేరు రాయించారు. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగ్ ఆల్‌స్టార్ల జట్టుకి వెళ్లాడు. పోయినేడాది మొదట్లో ఆయన రిటైరయ్యాడు. కుడి గార్డ్ సీటు ఖాళీ. ఏప్రిల్‌లో గార్డ్‌ని తెచ్చారు. మీ తాత నవ్వి ఊరుకున్నాడంటే ఇదే అయ్యుంటుంది.

నాకు ఈ పిచ్చి మావాడి వల్ల పట్టింది. వాడి స్కూల్ మ్యాచ్‌లు కొన్ని ఫ్రిస్కోలో కౌబాయ్స్ ఆఫీసు ద స్టార్ పక్కనున్న ఫోర్డ్ సెంటర్‌లో జరిగేవి. బూస్టర్ క్లబ్ తరఫున మంచినీళ్లు అందిస్తూ సైడ్‌లైన్ దగ్గర నిలబడేదాన్ని. టీవీలో మన కళ్లు బంతి వెంట పోతాయి. అక్కడ నిలబడితే బంతి కనపడదు. అయిదుగురు పిల్లలు వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాడి చంకల కింద చేతులు పెట్టి ఆపడం కనపడుతుంది. అందులో ఒకడి మడమ జారిందా, వెనకాల బంతి పట్టుకున్న పిల్లాడి పని అయిపోయినట్టే. అది చూశాక బుకర్ పేరు వింటే ఆశ్చర్యమెందుకు? డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే పరీక్షలు, అదే కంబైన్‌లో మందకొడిగా పరిగెత్తాడని అందరూ పెదవి విరిచారు. గార్డ్ పరిగెత్తేది ఎంత దూరమని!

రెండోది, మార్చి. ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం అయిపోయిన ఆటగాళ్లని కొనేటప్పుడు, కౌబాయ్స్ పెద్ద డబ్బు తియ్యరు. చవగ్గా ఒక ఏడాదికి వచ్చే పాతవాళ్లతో గుంటలు పూడ్చుకుంటారు. పూడ్చిన చోట మొదటి రౌండ్ పిక్ పెట్టడం అరుదు. పోయినేడాది మార్చిలో జవాంటే విలియమ్స్, మైల్స్ శాండర్స్ ఇద్దర్నీ తెచ్చారు. ఆ రోజే అర్థం చేసుకోవాలి, రన్నింగ్ బ్యాక్‌కి 12 ఇవ్వరని. జెంటీ మన ఫ్రిస్కో లోన్ స్టార్ హైస్కూల్ కుర్రాడు కాబట్టి మన వాట్సాప్ గ్రూపుల్లో వాడి పేరే మోగింది. వాడు 6లోనే రైడర్స్‌కి పోయాడు, మెక్‌మిలన్ 8లో పాంథర్స్‌కి. 12 దాకా ఇద్దరూ మిగల్లేదు. రిసీవర్ ఖాళీని మేలో ట్రేడ్ చేసి పికెన్స్‌తో నింపారు. ఖాళీ ఉందని డ్రాఫ్ట్‌లోనే నింపాలని రూలేం లేదు.

మూడోది, పిలుపులు. ప్రతి టీమూ 30 మంది కుర్రాళ్లని తన దగ్గరికి పిలిపించుకోవచ్చు. ఊళ్లో పిల్లలు ఆ లెక్కలోకి రారు. మిగతా టీమ్‌లు కళ్లు కప్పడానికి కూడా పిలుస్తాయంటారు. మనవాళ్లకి ఆ నాటకం అంతగా రాదు. ఎవర్ని ద స్టార్‌కి పిలిచారో ఏప్రిల్ రెండో వారానికల్లా లోకల్ రిపోర్టర్లు రాసేస్తారు. ఆ జాబితా కాగితం మీద రాసుకో, నీ పని సగం అయిపోతుంది.

దాచుకోవడం చేతకాదనడానికి ఇంకో రుజువు. 2013లో వార్ రూమ్ (డ్రాఫ్ట్ రోజు టీమ్ కూర్చునే గది) ఫోటోల్లో వెనకాల కనిపించిన ర్యాంకుల బోర్డుని అభిమానులు కూడబలుక్కుని చదివేశారు. 2022లో అయితే జెర్రీనే విలేకరుల ముందు తమ ర్యాంకుల కాగితం పైకెత్తి చూపించాడు, టైలర్ స్మిత్ ఎంత పైన ఉన్నాడో చూడండని. కెమెరాలు ఊరుకుంటాయా?

ఈగల్స్_ఏలూరు:

పిన్నిగారూ, ఇంత శ్రమ ఎందుకండీ? మా ఫిలడెల్ఫియా ఈగల్స్ నుంచి వచ్చిన కోచ్ ఏ పొజిషన్‌కి ట్రైనింగ్ ఇచ్చాడో చూసుకుని తీసుకుంటారు. మీ కొత్త డిఫెన్స్ కోఆర్డినేటర్ క్రిస్టియన్ పార్కర్ మా దగ్గర డిఫెన్సివ్ బ్యాక్‌లకి కోచ్. క్విన్యాన్ మిచెల్, కూపర్ డిజీన్ ఆయన చేతికింద ఆడినవాళ్లే. కార్నర్ (ఎదుటి రిసీవర్లని కాచేవాడు) అని రాసి పడుకోండి.

2021లో మీ 10వ పిక్ మాకిచ్చారు, మేం డివాంటా స్మిత్‌ని తీసుకున్నాం. ఆ ఉపకారానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాం.

కొవ్వూరు_పిన్ని:

ఏలూరు బాబూ, ఆ బేరంలో మాకు 12తో పాటు 84 వచ్చింది. 12లో వచ్చినవాడి పేరు మైకా పార్సన్స్, డిఫెన్స్‌లో స్టార్ అయినవాడు. ఆ రోజు మావాళ్లు నిజంగా కోరుకున్నది కార్నర్లు హార్న్, సర్టెన్. వాళ్లు 8లో, 9లో వరసగా పోయారు. కోరుకున్నది దొరక్క దొరికినవాడే పార్సన్స్. తర్వాత వాణ్ణి గ్రీన్‌బేకి ఇచ్చేశారు, అది వేరే ఏడుపు. ఆ ఇచ్చినందుకు వచ్చిందే ఈ 20.

ఇక వంతుల బేరం. 1990ల మొదట్లో అప్పటి కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ డాలస్‌లోనే ఏ వంతుకి ఎంత విలువో చెప్పే ఒక పట్టిక పెట్టాడు. మొదటి పిక్ 3000 పాయింట్లు, అక్కణ్ణుంచి దిగుతూ పోతుంది. ఇప్పుడు టీమ్‌లు సొంత పట్టికలు వాడుతున్నా, ఇంట్లో లెక్క వేసుకోవడానికి ఇది చాలు. 2021లో ఇచ్చిన 10కి 1300. వచ్చిన 12కి 1200, 84కి 170. డెబ్భై లాభం. 2024లో 24 ఇచ్చి 29, 73 తెచ్చారు: 740 పోయి 865 వచ్చింది. (ఓ ఏడో రౌండ్ పిక్ కూడా అటు వెళ్లింది, అది చిల్లర.) 2013లో మాత్రం 18 ఇచ్చి 31, 74 తీసుకున్నారు. 900 పోయి 820 వచ్చింది. ఆ రోజు అందరూ తిట్టారు. కానీ ఆ 31 ట్రావిస్ ఫ్రెడరిక్.

ఈసారి మనకి రెండో రౌండ్ పిక్ లేదు, డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ లైన్ నడిమధ్యలో ఆడేవాడు) క్వినెన్ విలియమ్స్ కోసం జెట్స్‌కి ఇచ్చారు. మూడోది పికెన్స్ కోసం స్టీలర్స్‌కి ఇచ్చారు. అంటే 20 తర్వాత నాలుగో రౌండ్ దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. రెండు, మూడు రౌండ్లు జరిగేది శుక్రవారం. జెర్రీ లాంటి మనిషి టీవీలో శుక్రవారం రాత్రంతా ఊరికే కూర్చుంటాడా? 20కి 850. 26కి దిగితే 700. మిగిలిన 150కి మూడో రౌండ్ చివర్లో 88 లాంటిది ఒకటి వస్తుంది. అందుకని నువ్వు 20 దగ్గర ఏ పేరు రాసినా, దాని పక్కన ట్రేడ్ అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. మీ పందెంలో ట్రేడ్‌కి పాయింట్లు ఉన్నాయా?

కొత్తగా_ప్లేనో:

ట్రేడ్ ఊహిస్తే బోనస్ ఉంది పిన్నిగారూ, ఎవరూ రాయరు. ఇంత లెక్క ఉందని నాకు తెలీదు. మరి పేర్లు? కోఆర్డినేటర్ మారాడు కదా, పాత అలవాట్లు పనిచేస్తాయా?

వరంగల్_వైడ్‌రిసీవర్:

పేరు నేను చెప్తా. క్యాలెబ్ డౌన్స్, ఒహాయో స్టేట్ సేఫ్టీ, అంటే డిఫెన్స్‌ల అందరికన్న వెనకాల కాపలా ఉండెటోడు. 12 దాక మిగిలిండంటే కండ్లు మూసుకొని తీస్కోవాలె. పోయిన సీజన్ల లీగ్ మొత్తంల అందరికన్న ఎక్కువ పాయింట్లు ఇచ్చింది మన డిఫెన్సే. వెనకాల ఎవడు ఏడ నిలబడాల్నో చెప్పెటోడు లేక సగం మ్యాచులు పోయినయి. పిన్నీ, మీరు అలవాట్లు అంటున్నరు గని, 2020ల ఏమైంది? అమారీ కూపర్ ఉన్నడు, గాలప్ ఉన్నడు, అయినా లాంబ్ 17 దాక జారితే తీస్కున్నరా లేదా?

కొవ్వూరు_పిన్ని:

లాంబ్ మాట బాగా పట్టావు వరంగల్. అనుకోనివాడు జారి ఒళ్లో పడితే అవసరం పక్కన పెట్టి తీసుకుంటారు, నిజమే. కానీ సేఫ్టీ దగ్గర వీళ్ల చెయ్యి వణుకుతుంది. మొదటి రౌండ్‌లో ఆఖరిసారి సేఫ్టీని తీసుకున్నది 2002లో, రాయ్ విలియమ్స్‌ని. ఆ తర్వాత ఎంతమంది మంచివాళ్లు వచ్చినా కన్నెత్తి చూడలేదు.

డిఫెన్సివ్ టాకిల్‌తోనూ అంతే ఉండేది. 1991లో రసెల్ మేరీలాండ్ తర్వాత 32 ఏళ్లు మొదటి రౌండ్‌లో ఆ పొజిషన్ ముట్టుకోలేదు. 2013లో షరీఫ్ ఫ్లాయిడ్ వాళ్ల బోర్డులో అయిదో స్థానంలో ఉండి, 18లో కళ్లముందు కనపడుతున్నా వదిలేసి కిందికి దిగారు. డిఫెన్స్ కోచ్‌లకి తమ పద్ధతిలో ఆ పొజిషన్‌కి అంత విలువ లేదనిపించింది. అంటే బోర్డు ఒకటి, కోచ్ మాట ఒకటి. చివరికి 2023లో అలవాటు తప్పి మేజీ స్మిత్‌ని తీసుకున్నారు. ఏం జరిగిందో చూశాం. క్వినెన్ విలియమ్స్ బేరంలో వాణ్ణే కొసరుగా పంపించారు. ఒకసారి కాలిన చెయ్యి మళ్లీ పెడతారా అని నా అనుమానం.

అందుకే ప్లేనో బాబు అడిగిందానికి నా జవాబు: కోఆర్డినేటర్ మాట చెల్లుతుంది, కానీ ఇంటి పద్ధతి లోపల చెల్లుతుంది. పార్కర్ సేఫ్టీ కావాలంటే వీళ్లు కార్నర్ ఇస్తారు.

లోపల టాకిల్‌కి క్లార్క్, విలియమ్స్, ఒడిగిజువా ఉన్నారు, అది కొట్టెయ్. అంచుల్లోంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఎడ్జ్‌లో ఫౌలర్, క్లౌనీ ఒప్పందాలు అయిపోయాయి. కార్నర్ డిగ్స్‌ని డిసెంబర్ చివర్లోనే వదిలేశారు. డిఫెన్స్ లైన్ వెనకాల నిలబడే లైన్‌బ్యాకర్ గురించి చెప్పక్కర్లేదు, నడిమధ్యలోంచి ఎవడు పడితే వాడు పరిగెత్తాడు. ఎడ్జ్, లైన్‌బ్యాకర్, కార్నర్, ఈ మూడింట్లో రెండు.

ఇవాళ రాయమంటే 12కి సన్నీ స్టైల్స్ అని రాస్తాను. ఒహాయో స్టేట్‌లో సేఫ్టీగా మొదలుపెట్టి లైన్‌బ్యాకర్ అయ్యాడు. పార్కర్‌కి సేఫ్టీ లక్షణాలు దొరుకుతాయి, జెర్రీకి సేఫ్టీని తీసుకున్న బాధ ఉండదు. ఎడ్జ్‌లో ఆర్వెల్ రీస్, డేవిడ్ బెయిలీ అంతదాకా మిగలరనుకుంటున్నా. రూబెన్ బెయిన్ మిగిలితే ఆలోచించాలి. 20కి టెన్నెస్సీ కార్నర్ జెర్మాడ్ మెక్‌కాయ్. 2025 జనవరిలో మోకాలు పోయి సీజనంతా ఆడలేదు, అందుకే కిందికి జారొచ్చు. దెబ్బ తగిలినవాళ్లంటే ఈ ఇంటికి భలే ఇష్టం: 2016లో జేలన్ స్మిత్, పోయినేడాది మూడో రౌండ్‌లో రెవెల్. మిగతావాళ్లు డాక్టర్ రిపోర్టు చూసి భయపడితే వీళ్లు చవగ్గా వచ్చిందనుకుంటారు.

కానీ ఇప్పుడే ఇంకుతో రాయకు. మార్చి రెండో వారంలో ఏ గుంట పూడుస్తారో చూడు. ఒక మంచి లైన్‌బ్యాకర్‌ని కొన్నారా, స్టైల్స్ పేరు కొట్టేసి ఎడ్జ్ పెట్టు. తర్వాత పిలుపుల జాబితా. ఫారం ఎప్పటిలోగా ఇవ్వాలి?

కొత్తగా_ప్లేనో:

ఏప్రిల్ 23 సాయంత్రం, పిట్స్‌బర్గ్‌లో మొదలయ్యే గంట ముందు దాకా టైముంది.

కొవ్వూరు_పిన్ని:

మరింకేం. పందెంలో పేరు తప్పినా పొజిషన్‌కి ఏమైనా ఇస్తారేమో కనుక్కో. ఇస్తే 12కీ 20కీ ఒకే పొజిషన్ రాయకు, రెండు చోట్ల రెండు వలలు వెయ్యి. ఆ సెక్యూరిటీ తాతకి కాఫీ తీసుకెళ్లి ఈసారి ఎవరి పేరు రాస్తున్నాడో అడుగు, నాకూ చెప్పు.

వరంగల్_వైడ్‌రిసీవర్:

నేనైతే డౌన్స్‌కే వేస్తున్న. 11 దాక పోకుంట ఉండాలె, అంతే.

ఈగల్స్_ఏలూరు:

12లో జెర్రీ ఇంకో గార్డ్‌ని తీసుకుంటాడు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.