ఐదు వారాల గుర్రప్పిల్లకు గురక: ముందు యాంటీబయాటిక్కా, ముందు ఎండోస్కోపీయా?

లాయం_ప్రశ్న:
మార్వారీ జాతి ఆడ గుర్రప్పిల్ల, వయసు ఐదు వారాలు. నాలుగు రోజులుగా గాలి పీల్చేటప్పుడు గురక, పాలు తాగుతుంటే ఇంకా పెరుగుతోంది. నిన్న రెండుసార్లు ముక్కులోంచి పాలు కారాయి. జ్వరం లేదు, 101.2 ఫారెన్‌హీట్. చెవి కింద, దవడ వెనక రెండు వైపులా ఉబ్బు. నిమ్ము అని వారం రోజుల ఇంజెక్షన్లు రాశారు. మొదలుపెట్టాలా, స్కోపు (ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ) దాకా ఆగాలా?

అశ్వవైద్యం:
చప్పుడు ఎక్కడిదో తేలకుండా మందు వద్దండి. పిల్ల తల్లి పక్కన నిమ్మళంగా ఉన్నప్పుడు, ఇంకా చేయి వేయకముందే, డొక్క కదలికను నిమిషంపాటు లెక్కపెట్టండి. ఈ వయసుకు 20 నుంచి 40 మామూలే. పీల్చేటప్పుడు మాత్రమే చప్పుడైతే అడ్డు ముక్కులోనో గొంతులోనో ఉంటుంది. వదిలేటప్పుడు వస్తే ఛాతీ లోపల వెతకాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే ఎక్కడో దారి బిగుసుకుపోయి ఉంటుంది. రెండు ముక్కుల ముందూ అరచేయి పెట్టి గాలి సమంగా తగులుతోందో చూడండి.

స్టెతస్కోప్ ముందు గొంతు మీద, తర్వాత మెడ మధ్యలో, ఆఖర్న ఛాతీ మీద పెట్టాలి. గొంతు గురక ఛాతీ దాకా మోగుతుంది. దాన్ని ఊపిరితిత్తుల చప్పుడనుకుని నిమ్ము అని రాయడం తరచూ జరిగే పొరపాటు.

ఇక ఆ ఉబ్బు. వేలితో కొడితే డప్పులా మోగి, నొక్కితే బూరలా లోపలికెళ్లి తిరిగొచ్చి, వేడీ నొప్పీ లేకపోతే అది గాలే. మధ్య చెవి నుంచి గొంతులోకి వచ్చే గొట్టానికి గుర్రంలో పెద్ద సంచి ఉంటుంది, గటరల్ పౌచ్ అంటారు. దాని నోటి దగ్గరి పొర ఒకవైపే తెరుచుకునే తలుపులా పనిచేస్తే, లోపలికెళ్లిన గాలి బయటికి రాదు. ఆడపిల్లల్లోనే ఇది ఎక్కువ. అలాకాక గట్టిగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా బిళ్ళలు కట్టి, జ్వరం 103 దాటితే స్ట్రాంగిల్స్ అనే గుర్రాల అంటువ్యాధిని అనుమానించి, పిల్లనూ తల్లినీ ఆ పూటే మిగతా గుర్రాల నుంచి వేరుచేయాలి. వాటి బకెట్లు, తాళ్లు కూడా వేరే.

స్టడ్‌ఫామ్_పర్యవేక్షణ:
గొంతు వరకు ఒప్పుకుంటాను, ఆగడం మాత్రం ఒప్పుకోను. ఊపిరితిత్తుల్లో చీముగడ్డలు కట్టించే రోడోకాకస్ ఈక్వి అనే బాక్టీరియా పట్టేది సరిగ్గా ఈ వయసులోనే, మూడు వారాల నుంచి ఆరు నెలల లోపు. లోపల చీముగడ్డలున్నా స్టెతస్కోప్‌కు ఏమీ వినపడకపోవచ్చు. పైగా ముక్కులోంచి పాలు కారుతున్నాయంటే కొన్ని చుక్కలు ఊపిరితిత్తుల్లోకీ పోతున్నట్టే. స్కోపు దొరికేసరికి నాలుగైదు రోజులు పట్టే ఊళ్లలో ఏం చేయమంటారు?

అశ్వవైద్యం:
పాల విషయంలో మీ భయం న్యాయమైనదే. అయితే నిమ్మును తేల్చేది గురక కాదు, అల్ట్రాసౌండ్. ఆవుల చూలు చూసే లీనియర్ ప్రోబ్ చాలు. బొచ్చును స్పిరిట్‌తో తడిపి, ప్రతి పక్కటెముకల సందులో పైనుంచి కిందికి జరపండి. ఊపిరితిత్తి అంచున గడ్డ ఉంటే కనిపిస్తుంది, లోతున ఉన్నది దొరకదు. అందుకే రక్తంలో తెల్లకణాల లెక్క, వాపు ఉంటే పెరిగే ఫైబ్రినోజెన్ కూడా చూడాలి. గడ్డలు కనిపించి పిల్ల నలతగా ఉంటే అదే రోజు మందు పడాలి: క్లారిత్రోమైసిన్ కిలోకు 7.5 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 5 మిల్లీగ్రాములు, రెండూ 12 గంటలకోసారి నోటి ద్వారా.

గుడ్డిగా వద్దనడానికి కారణం ఉంది. క్లారిత్రోమైసిన్ లాంటి మాక్రోలైడ్ జాతి మందులతో పిల్లకు చెమట పట్టడం తగ్గుతుంది. మన మే నెల ఎండలో బయట వదిలితే ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికొస్తుంది. పిల్ల మూతికి అంటిన మందును నాకితే తల్లికి ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకోవచ్చు. మందు వేశాక ప్రతిసారీ పిల్ల నోరు, మూతి కడగాలి.

పల్లె_పశువైద్యుడు:
గాలే అయితే చెవి కింద సూది గుచ్చి తీసేస్తే సరిపోదా? ఉబ్బు తగ్గితే పాలు కూడా తాగుతుంది కదా.

అశ్వవైద్యం:
తగ్గుతుంది, కొన్ని గంటల్లో మళ్లీ నిండుతుంది. ఆ సంచి గోడనే ఆనుకుని కెరోటిడ్ ధమని, మింగడానికి కావలసిన నరాలు ఉన్నాయి. చూడకుండా గుచ్చేచోటు కాదది. స్కోపు చూస్తూ ముక్కులోంచి సన్నని మెత్తని గొట్టాన్ని ఒకవైపు సంచిలోకి పంపండి. రెండు వైపుల ఉబ్బూ దాంతోనే దిగిపోతే జబ్బు ఆ ఒక్కవైపే, అవతలిది పక్కకు నెట్టుకొచ్చిన ఉబ్బు. అప్పుడు రెండు సంచుల మధ్య పొరకు లేజర్‌తో కంత పెడితే, గాలి బాగున్న వైపు నుంచి బయటపడుతుంది. రెండూ చెడితే నోటి దగ్గరి పొరలో కొంత కూడా కత్తిరించాలి.

ఆ స్కోపులోనే అంగిలి కూడా చూడండి. పుట్టిన రోజు నుంచే పాలు కారి ఉంటే చీలిక అనుమానించాలి. మెత్తటి అంగిలిలో వెనక ఉండే చీలిక నోరు తెరిచి టార్చి వేసినా కనపడకపోవచ్చు. మత్తు ఎక్కువైతే కంఠద్వారం సడలి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంత చిన్నదాన్ని ఇద్దరు పట్టుకుంటే చాలాసార్లు మత్తు లేకుండానే పని అవుతుంది.

స్టడ్‌ఫామ్_పర్యవేక్షణ:
అల్ట్రాసౌండ్ ఆ రోజే దొరికితే మీ దారే సరి. అది కూడా లేని చోట, పాలు కారుతున్న పిల్లకు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలనే ఇప్పటికీ అంటాను. అది సెఫ్టియోఫర్ లాంటిది కావాలి, మాక్రోలైడ్ వద్దు. తల పైకెత్తి సీసాతో పాలు మాత్రం పట్టకండి. నాలుక నీలిరంగుకు తిరిగి, పీల్చినప్పుడల్లా పక్కటెముకల సందులు లోపలికి గుంజుకుపోతుంటే స్కోపు మాట మరచిపోయి డాక్టరును మెడ దగ్గర గొట్టం వేయమనండి. మెడ పైభాగంలో, ముందువైపు సరిగ్గా నడిమధ్యన, గాలిగొట్టం రెండు ఉంగరాల సందులో అడ్డంగా కోయాలి. చుట్టుకొలతలో మూడో వంతు దాటకూడదు. దూరం తీసుకెళ్లేటప్పుడు బండిలో పిల్లను పొట్టి తాడుతో కట్టొద్దు. తల దించుకునే వీలుంటేనే గొంతులో చేరింది కిందికి కారిపోతుంది.