యెల్ ‘కుంభరాశి యుగం’లో ఆ దిగులు మాటదా, మోతదా?

పాతక్యాసెట్:
తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. యెల్ అంటే పాడే జూలీ బుదె, గ్రాన్‌మార్నియే పేరుతో ప్రొడక్షన్ చూసే ఝాఁ ఫ్రాన్స్వా పెరియే. ఇద్దరిదీ ఫ్రాన్స్ పడమటి అంచున ఉన్న బ్రిటనీలోని సాఁ బ్రియో. 2007లో తొలి ఆల్బమ్ ‘పాప్ అప్’ వచ్చినప్పుడు వీళ్ళంటే వెటకారం, మెరుపు రంగులు, అప్పట్లో ఫ్రాన్స్ కుర్రకారు వేసిన టెక్టోనిక్ డాన్స్ స్టెప్పులు. 2020 సెప్టెంబర్ 4న సొంత లేబుల్ మీద వచ్చిన నాలుగో ఆల్బమ్ ‘లేర్ దు వెర్సో’లో మాత్రం గొంతు దిగింది, నవ్వు తగ్గింది, ప్రేమ పెద్దదయింది. ‘వెర్సో’ అంటే మన కుంభరాశి. (పంచాంగం వాళ్ళు తొందరపడి రాకండి. ఇది అయనచలనం లెక్కన రెండు వేల ఏళ్ళకు పైగా సాగే యుగం, వారఫలం కాదు.)

నా వాదన ఇదీ: ఇందులో దిగులంతా మోతలోనే ఉంది. డాన్స్ పాట మామూలుగా నిమిషానికి 120 నుంచి 130 దెబ్బల మీద నడుస్తుంది. అదే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్), అదే డ్రమ్ మెషిన్ పెట్టి వేగం 100 దగ్గరికి దించితే దెబ్బకీ దెబ్బకీ మధ్య 600 మిల్లీసెకన్లు ఖాళీ వస్తుంది. 128 మీదైతే అది 469 మాత్రమే. ఆ మిగిలిన ఖాళీయే దిగులు. ఫ్రెంచ్ ఒక్క ముక్క రాకపోయినా పూర్తిగా అందుతుంది. మాట తెలిస్తే బోనస్, అంతే.

సప్తపర్ణి:
క్యాసెట్ గారూ, ఆ లెక్కన నిమిషానికి 100 దెబ్బలున్న ప్రతి పాటా ఏడవాలి. తీన్మార్ కూడా ఆ దరిదాపుల్లో దొరుకుతుంది, ఎవరైనా ఏడ్చారా?

పేర్ల దగ్గరే ఆగి చూడండి. ఒక పాట పేరు ‘పెన్ ద మోర్’. చట్టం భాషలో మరణశిక్ష. కానీ ‘పెన్’కి శిక్ష అనీ అర్థముంది, మనోవ్యథ అనీ ఉంది. ఫ్రెంచ్ చెవికి రెండూ ఒకేసారి తగులుతాయి. ఇంకోటి ‘మొఁ బో షగ్రాఁ’, నా అందమైన దుఃఖం. ఇంకోటి ‘ఎమాఁసిపాఁస్’, విముక్తి పొందడమూ ఆలోచించడమూ కలిపి కుట్టిన మాట. ఇన్ని మాటలాటలున్న రికార్డుని మోత అని కొట్టేస్తే ఎలా?

అసలు కీలకం ‘జె తెమ్ ఆంకోర్’ అన్న పాట. నెట్‌లో ఎక్కడో ‘నిన్ను మళ్ళీ ప్రేమిస్తున్నాను’ అని అనువదించారు. తప్పు. వర్తమాన క్రియ పక్కన ‘ఆంకోర్’ వస్తే మామూలుగా ‘ఇంకా’ అనే. అంటే ఈ ప్రేమ మధ్యలో ఆగలేదు. ఆగిపోవడానికి కారణాలు మాత్రం బోలెడున్నాయి. ఆ చిన్న మాట తెలియకపోతే ఇది మామూలు ఐ లవ్ యూ పాట, తెలిస్తే పదేళ్ళ కాపురం.

ఆరోతీగ:
ఇద్దరూ గాల్లో కొట్టుకునే బదులు పరీక్ష పెట్టుకోవచ్చు. ఏ ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఓ గంట పని.

వేగం 100. నాలుగు తీగలు, అంటే కార్డ్స్: ఎఫ్ మేజర్ సెవెన్, ఈ మైనర్ సెవెన్, ఏ మైనర్ సెవెన్, మళ్ళీ ఈ మైనర్ సెవెన్. ఒక్కోటి ఒక్కో బార్, అంటే నాలుగేసి దెబ్బలు. సీ మేజర్ తీగను కావాలనే వదిలేశా, అది వచ్చిందంటే ఇంటికి చేరినట్టుంటుంది, ఇక్కడ చేరకూడదు. సా టూత్ తరంగంతో మెత్తటి ప్యాడ్ (వెనకాల సాగుతూ ఉండే సింథ్ మోత), ఫిల్టర్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర మూయండి. కిక్ (లావు డ్రమ్) నాలుగు దెబ్బలూ పడనివ్వండి. కిక్ పడ్డప్పుడల్లా ప్యాడ్ 3, 4 డెసిబెల్స్ తగ్గేలా సైడ్‌చెయిన్, మళ్ళీ లేవడానికి (రిలీజ్) 250 మిల్లీసెకన్లు.

దీనిమీద ఒకే పల్లవిని రెండుసార్లు పాడించండి. మొదటిది మైక్‌కి అడుగు దూరం నుంచి నిండు గొంతుతో. రెండోది నాలుగు అంగుళాల్లో, పక్కవాళ్ళకి చెప్పినంత నెమ్మదిగా. రెండోదానికే దిగులొస్తుంది, తీగలు మార్చకుండానే. మైక్ దగ్గరైతే గొంతులో కింది స్వరాలు ఉబ్బుతాయి, ఊపిరి వినపడుతుంది, మనిషి చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. కాబట్టి నా తీర్పు: మోతా కాదు, మాటా కాదు, దూరం.

చెడేది ఎక్కడంటే, విషాదం అనగానే రివర్బ్ (గది ప్రతిధ్వని) గుమ్మరించడం దగ్గర. 4 సెకన్ల తోక పెడితే ఆరేడు దెబ్బల పొడుగు ఒకదాని మీద ఒకటి పేరుకుని అంతా బురద. దగ్గరున్న మనిషి గుహలోకి వెళ్ళిపోతుంది. 1.5 నుంచి 1.8 సెకన్లు చాలు, అది మొదలయ్యే ముందు 30 మిల్లీసెకన్ల ఖాళీ (ప్రీ డిలే), రివర్బ్ దారిలో 300 హెర్ట్జ్ కింద కోత. ఇంకో సంగతి: అంత దగ్గరగా పాడితే ఫ్రెంచ్ ‘స’, ‘ష’లు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య గుచ్చుతాయి. ఆ గుచ్చుడు తగ్గించే డీ ఎస్సర్ పెట్టండి, కానీ ఎక్కువ నొక్కితే గాయని నత్తిగా పలుకుతున్నట్టు వస్తుంది.

మోనోచెవి:
ఈ చర్చలో సగం మంది ఫోన్ స్పీకర్ మీద విని మాట్లాడుతున్నారని నా అనుమానం. ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కిందిది దాదాపు ఉండదు. ఇలాంటి రికార్డులో బేస్ 40 నుంచి 100 మధ్య కూర్చుంటుంది, అదంతా ఎగిరిపోతుంది. మిగిలేది చప్పట్లు, గొంతు. ‘ఖాళీగా ఉంది, అందుకే దిగులు’ అంటున్నది ఆ ఖాళీ గురించే అయితే అది యెల్ ఇచ్చింది కాదు, ఫోన్ ఇచ్చింది.

ఒక్క స్పీకర్‌లో ఇంకో నష్టం. పాత సింథ్ తరహా కోరస్‌లో (మోతని వెడల్పు చేసే ఎఫెక్ట్) కుడి, ఎడమ పక్కల ఊగుడు ఒకదానికొకటి వ్యతిరేకంగా తిరుగుతుంది. రెంటినీ కలిపి మోనో చేస్తే ఆ ఊగుడు చాలావరకు కొట్టుకుపోయి ప్యాడ్ పలచబడుతుంది. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్‌లో బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపి మళ్ళీ వినండి. తర్వాత వాదించండి.

గోదారిగట్టు:
మాటదా మోతదా అంటున్నారు, ఎవరితో మాట్లాడుతోందో మాత్రం ఎవరూ అడగట్లేదు. ‘జె తెమ్ ఆంకోర్’ మగవాడి కోసం రాసింది కాదు. తమ దేశం కోసం, ఇంట్లో తమని పూర్తిగా దగ్గరికి తీసుకోని ఫ్రెంచ్ శ్రోతల కోసం. వాళ్ళే అలా చెప్పుకున్నారు. ఫ్రెంచ్‌లో పాడుతూ అమెరికా సంగీతోత్సవం కోచెల్లా దాకా వెళ్ళారు, 2014 నాటి ఆల్బమ్ ‘కొంప్లెత్‌మాఁ ఫు’ని అమెరికాలో పాప్ ప్రొడ్యూసర్ డాక్టర్ ల్యూక్‌తో చేశారు. బయట చప్పట్లు, ఇంట్లో మొహమాటం. 1996 నుంచి ఫ్రాన్స్ రేడియోలు మామూలుగా పాటల్లో కనీసం 40 శాతం ఫ్రెంచ్‌వి వేయాలన్న నియమం ఉంది. వేయమని చట్టం చెప్పగలదు, ఇష్టపడమని చెప్పలేదు కదా.

ఇంకో హెచ్చరిక. జూలీ తండ్రి ఫ్రాన్స్వా బుదె కూడా బ్రిటనీ గాయకుడే, 2018లో పోయారు. అందుకని ఆల్బమ్‌లోని ప్రతి దుఃఖాన్నీ ఆయనకి అంటగట్టకండి. గాయని షార్లెట్ గేన్స్‌బూర్గ్ 2017 ఆల్బమ్ ‘రెస్ట్’లో పోయిన అక్క పేరుతోనే పాట ఉంది, అక్కడ ఆ లెక్క వేయొచ్చు. ఇక్కడ అలాంటి చిరునామా లేదు.

పాతక్యాసెట్:
గోదారిగట్టు గారూ, శ్రోతల కోసమైతే ‘జె వూ జెమ్’ అనాలి కదా, మీరు అని? ‘త’ అంటే నువ్వు. 1960ల్లో ఫ్రెంచ్ గాయని బార్బరా తన ప్రేక్షకులకి రాసిన ప్రేమపాటలో చక్కగా ‘వూ’ అనే అంది. దీనిలో ‘నువ్వు’ ఉందంటే ఎదురుగా ఒక్కరే ఉన్నారు.

సప్తపర్ణి:
మంచి పాయింట్, కానీ మీకే ఎదురు తిరుగుతుంది. ప్రేక్షకులైతే ‘వూ’, దేశమైతే ‘తు’. ఫ్రెంచ్ గాయకుడు షార్ల్ ట్రెనె 1943 నాటి ‘దూస్ ఫ్రాఁస్’లో దేశాన్ని నువ్వు అనే పిలిచాడు. అందరూ ఎరిగిన పాట అది. కాబట్టి ఒక ‘త’ అక్షరంలో ప్రియుడూ ఇముడుతాడు, దేశమూ ఇముడుతుంది. అలా రెండు వైపులా తెరిచి ఉంచడమే పాట బలం. ఇప్పుడు చెప్పండి, ఇది మోతలో ఎక్కడుంది?

పాతక్యాసెట్:
సరే, ఎవరితో మాట్లాడుతోందన్నది మాటే చెప్తుంది, ఒప్పుకున్నా. దిగులు మాత్రం ఒప్పుకోను. అదే మాటల్ని ఇదే ఆల్బమ్‌లోని ‘కరాటే’ పాట ఊపు మీద పెట్టి పాడితే ‘ఇంకా ప్రేమిస్తున్నా’ అన్నది సవాలు అవుతుంది, బెంగ కాదు.

ఆరోతీగ:
క్యాసెట్ అన్నా, అక్కడ మీరు రైట్. కానీ మాటకి అర్థమే కాదు, శబ్దమూ ఉంది. అది ఎవరి ఖాతాలో వేస్తారు?

‘జె తెమ్ ఆంకోర్’ పలికితే జె, తె, మాఁ, కోర్, నాలుగే అక్షరాలు. తెమ్‌లోని మకారం తర్వాతి ఆకారంతో అతుక్కుపోతుంది. చివరన గొంతు లోపల ‘ర’. అది పలికిన వెంటనే ఊపిరిగా మారి ఆరిపోతుంది. ఇందాక చెప్పిన 600 మిల్లీసెకన్ల ఖాళీలోకి రివర్బ్ తోక వెళ్ళేది అప్పుడే. తెలుగు మాటలు దాదాపు అచ్చుతో ముగుస్తాయి. ‘ప్రేమిస్తున్నాను’ అని పాడితే ‘ను’ని గాయని ఎంతో కొంత పట్టుకుంటుంది, ఖాళీ నిండిపోతుంది, తోకకి చోటుండదు. తెలుగులో ఈ రకం నెమ్మది ఎలక్ట్రానిక్ పాట చేసేవాళ్ళు ఎక్కువగా పడే గోతి ఇదే. ట్రాక్ బాగుంటుంది, గొంతు పెట్టగానే సినిమా పాట అయిపోతుంది. మందు: చివరి అచ్చుని అర దెబ్బలోపే కోసేయండి, తర్వాతి పాదం ఒక దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టండి. లేదా హల్లుతో ముగిసే మాట వెతకండి.

గోదారిగట్టు:
హల్లుతో ముగిసేవి తెలుగులో ఎక్కడున్నాయి స్వామీ? ద్రుతం పెట్టి ‘నిన్నున్’ అంటే పద్యం అయిపోతుంది, డ్రమ్ మెషిన్ మీద అవధానం.

సప్తపర్ణి:
‘ఇంకా ఇష్టమోయ్’.

చూడండి, ఐదు అక్షరాలు. ‘కా’, ‘ఇ’ కలిపి పలికితే నాలుగు. చివర ‘య్’, నోరు మూసుకుంటూనే అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్రెంచ్ ‘ఆంకోర్’కి మూడు పనులున్నాయి: ఇప్పటికీ, మళ్ళీ, మరికొంత. మన ‘ఇంకా’కి మళ్ళీ అన్న పని లేదు గానీ మిగతా రెండూ ఉన్నాయి. అన్నం వడ్డిస్తూ ‘ఇంకా?’ అంటామే, అదే. అంటే ‘ఇప్పటికీ ఇష్టం’, ‘మునుపటికన్నా ఇష్టం’, రెండూ వినపడతాయి. ఆ ఫ్రెంచ్ వాక్యంలో వినపడని రెండోది తెలుగులో కలిసింది.

పాతక్యాసెట్:
బాగుంది. కానీ దేశాన్ని పట్టుకుని ‘ఓయ్’ అంటామా?

గోదారిగట్టు:
పదేళ్ళ కాపురం అన్నారుగా సప్తపర్ణి గారు. పదేళ్ళయ్యాక ‘ఓయ్’ అనే అంటారు.

మోనోచెవి:
వైరు హెడ్‌ఫోన్‌తో ఎవరైనా విన్నారా, లేదా?